ఒకే కెర్నెల్, పలు ప్రాసెసర్లు: లినక్స్‌ను యంత్రానికి తగినట్టు కూర్చుకోవడం

ఒక చిన్న గ్రంథాలయంలో గాని, పాఠశాలలో గాని, ఊరి సాంస్కృతిక సంఘంలో గాని కంప్యూటర్లన్నీ ఒకే రోజు కొన్నవై ఉండవు. ఒకటి ఎన్నో ఏళ్ల కిందటిది, ఒకటి ఏదో కార్యాలయం కొత్తవి కొనుక్కొంటూ ఇచ్చివేసినది, మరొకటి ఈ మధ్య వచ్చిన అరచేతి పాటి బోర్డు. అన్నిటి మీదా ఒకే ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలనీ, ఒకచోట టైపు చేసిన తెలుగు మరొకచోట తెరుచుకోవాలనీ కోరుకోవడం సహజం. సొంత రాష్ట్రాలకు దూరంగా, తమ పాటలనూ పత్రాలనూ తామే భద్రపరచుకోవలసిన తెలుగువారికి ఈ అవసరం మరీ ఎక్కువ. లినక్స్ ఉచితంగా దొరుకుతుంది కనుక చాలామంది దాన్నే ఎంచుకొంటారు.

అయితే ఒక యంత్రంలో చక్కగా నడిచిన డిస్కును తీసి వేరొకదానిలో పెడితే, తెర నల్లగా నిలిచిపోవచ్చు. డిస్కు చెడిపోయిందనీ, అందులో దాచుకొన్నదంతా పోయిందనీ భయం పుడుతుంది. నిజానికి ఏమీ పోకపోవచ్చు. ఆ కెర్నెల్ ఆ ప్రాసెసర్ కోసం కూర్చినది కాకపోవడమే కారణం కావచ్చు. ప్రాసెసర్ కుటుంబాన్ని బట్టి కెర్నెల్‌ను కూర్చడమంటే ఏమిటో, ఆ ఎంపికలో ఏది దేనికి కట్టుబడి ఉంటుందో ఇక్కడ పరిశీలిద్దాం.

కెర్నెల్ అంటే

కెర్నెల్ అనే ఆంగ్ల పదానికి గింజలోని పప్పు అని అర్థం. బీజం, మూలాంశం వంటి మాటలు పెట్టుకోవచ్చు గాని, పనిచేసేవారంతా కెర్నెల్ అనే అంటారు కనుక మనమూ అలాగే వాడుకొందాం. ఆపరేటింగ్ సిస్టమ్‌లో యంత్రంతో నేరుగా మాట్లాడే భాగం ఇది. జ్ఞాపకశక్తిని ప్రోగ్రాములకు పంచడం, ఏ ప్రోగ్రాము ఎప్పుడు నడవాలో నిర్ణయించడం, డిస్కు, కీబోర్డు, తెర వంటి పరికరాలను నడపడం దీని పనులు. మనం ఉత్తరం రాసుకొనే ప్రోగ్రాముకు ప్రాసెసర్ వివరాలు తెలియకపోయినా పని జరుగుతుంది. కెర్నెల్‌కు తెలియక తప్పదు.

లినక్స్ కెర్నెల్ మూలపాఠంలో అధికభాగం ‘సి’ భాషలో ఉంటుంది. దానిని కంపైలర్ అనే ప్రోగ్రాము యంత్రభాషలోకి మారుస్తుంది. మార్చే ముందు ఎన్నో ప్రశ్నలకు సమాధానాలు ఇవ్వాలి: ఏ డిస్కు కంట్రోలర్, ఏ నెట్‌వర్క్ కార్డు, ఏ ఫైల్ వ్యవస్థ. ఈ సమాధానాల పట్టికనే కాన్ఫిగరేషన్ అంటారు. అందులో ప్రాసెసర్ ఏమిటన్న ప్రశ్న చూడడానికి చిన్నది. దాని సమాధానం మాత్రం కెర్నెల్ అంతటా పరచుకొంటుంది.

భాష వేరు, మాండలికం వేరు

ఈ ప్రశ్నలో రెండు మెట్లున్నాయి. మొదటిది నిర్మాణం, అంటే ఆర్కిటెక్చర్. ఇంటెల్, ఏఎమ్‌డీ ప్రాసెసర్లది ఒక యంత్రభాష. ఆర్మ్‌ది మరొకటి. పవర్, మిప్స్, రిస్క్-ఫైవ్ వేరువేరు. ఒకదానికి కూర్చిన కెర్నెల్ మరొకదానికి ఒక్క ముక్క కూడా అర్థం కాదు. రెండవది ఒకే నిర్మాణంలోని కుటుంబాలు. ఇంటెల్ వంశంలో 386 (1985), 486 (1989), పెంటియమ్ (1993), పెంటియమ్ ప్రో (1995) వరసగా వచ్చాయి. ఇవన్నీ ఒకే భాష మాట్లాడతాయి. తరం మారినకొద్దీ కొత్త ఆదేశాలు చేరాయి.

మన భాషల తీరుకూ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మనుషుల్లో కొత్త తరం పాత మాటలను మరచిపోతుంది. వలసవెళ్లిన కుటుంబాల్లో నిలిచిన మాట సొంత ఊళ్లో వాడుకలో లేకపోవడం మనకు అనుభవమే. ప్రాసెసర్ల వంశంలో కొత్తవి పాత ఆదేశాలను దాదాపు మరవవు. అందుకే 386కు కూర్చిన కెర్నెల్‌ను పెంటియమ్ కూడా నడపగలదు. పెంటియమ్ ప్రోకు కూర్చినదాన్ని 386 నడపలేదు. దిగువకు కూర్చినది ఎగువన నడుస్తుంది, ఎగువకు కూర్చినది దిగువన ఆగిపోతుంది. ఈ వ్యాసంలో గుర్తుంచుకోవలసిన మొదటి సూత్రం ఇదే.

లినక్స్ పుట్టుకలో ఈ విభజన లేదు. 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన 386 యంత్రం కోసమే దానిని రాశాడు. వేరే యంత్రాలకు మార్చడానికి అది పనికిరాదని ఆ ఏడాది ఆగస్టులో తానే ప్రకటించాడు. 1994 మార్చిలో వచ్చిన 1.0 కూడా ఆ వంశానికే పరిమితం. 1995 మార్చిలోని 1.2తో ఆల్ఫా, మిప్స్, స్పార్క్ చేరాయి. అప్పటి నుంచి మూలపాఠంలో అన్ని యంత్రాలకూ పనికివచ్చే భాగం ఒకవైపు, ‘ఆర్క్’ అనే డైరెక్టరీలో ఒక్కో నిర్మాణానికి ఒక్కో గది మరొకవైపు ఏర్పడ్డాయి.

కుటుంబాన్ని ఎంచుకొంటే మారేవి

2.4, 2.6 వరసల కెర్నెళ్లలో ప్రాసెసర్ కుటుంబాల జాబితా చాలా పొడుగు: 386, 486, పెంటియమ్‌లో మూడు రకాలు, పెంటియమ్ ప్రో, పెంటియమ్ 3, పెంటియమ్ 4, ఏఎమ్‌డీ వారి కే6, అథ్లాన్, ఇంకా మరికొన్ని. ఒకదాన్ని ఎంచుకోవడం వలన మారేవాటిలో ముఖ్యమైనవి ఇవి.

1. ఆదేశాలు. కంపైలర్ వాడగల ఆదేశాల హద్దు ఇక్కడే తేలుతుంది. పెంటియమ్ ప్రోతో ‘సీమూవ్’ అనే ఆదేశం వచ్చింది. షరతు నెరవేరితేనే విలువను మార్చడం దాని పని. 686 కుటుంబాన్ని ఎంచుకొంటే కంపైలర్ దానిని స్వేచ్ఛగా వాడుతుంది. ఆ కెర్నెల్‌ను మామూలు పెంటియమ్ మీద పెడితే, ఆ ఆదేశం దగ్గర ప్రాసెసర్ తనకిది తెలియదని ఆగిపోతుంది. మామూలు ప్రోగ్రాముకు ఇలా జరిగితే కెర్నెల్ దాన్ని ఆపి సంగతి చెబుతుంది. ఆగినది కెర్నెలే అయితే, అదీ ఆరంభంలోనే అయితే, చెప్పేవారు ఉండరు. నల్లని తెరకు కారణం అదే. 2007లో బూట్ భాగాన్ని తిరగరాసిన తరువాతి కెర్నెళ్లు ముందుగా ప్రాసెసర్‌ను పరీక్షించి, తమకు 686 కావాలనీ ఎదుట ఉన్నది 586 అనీ తెరమీద చెప్పి ఆగుతాయి.

2. రాతకు కాపలా. రెండు ప్రోగ్రాములు ఒకే జ్ఞాపకపు పుటను పంచుకొంటున్నప్పుడు లినక్స్ దానిని ‘చదువుటకు మాత్రమే’ అని గుర్తుపెడుతుంది. ఎవరైనా రాయబోతే ప్రాసెసర్ హెచ్చరిస్తుంది, కెర్నెల్ అప్పుడు వేరే ప్రతి తీసి ఇస్తుంది. 386లో ఒక లోపం ఉంది. రాయబోయేది కెర్నెలే అయితే ఆ ప్రాసెసర్ హెచ్చరించదు. అందుచేత ప్రోగ్రాముల పుటల్లో రాసే ప్రతిసారీ కెర్నెల్ ముందుగా తానే తనిఖీ చేసుకోవాలి. 486 నుంచి ఈ లోపం తీరింది. 486ను ఎంచుకొంటే ఆ తనిఖీలు కెర్నెల్‌లోకి రావు.

3. పోల్చి మార్చడం. ఒక విలువను పోల్చి, సరిపోతే మార్చడాన్ని మధ్యలో ఎవరూ జొరబడకుండా ఒకే అడుగులో చేసే ఆదేశం 486తో వచ్చింది. కెర్నెల్ తాళాలకు ఇది ఎంతో అనుకూలం. 386 కోసం ఇదే పనిని అంతరాయాలను ఆపి, చుట్టుతిరుగుడుగా చేయవలసి వచ్చేది.

4. కాలగణన. పెంటియమ్‌లో ప్రతి గడియార స్పందననూ లెక్కించే ‘టీఎస్‌సీ’ అనే రిజిస్టరు ఉంది. ఆ తరం పోటీ ప్రాసెసర్లలో కొన్నిటికి అది లేదు. అందుకే జాబితాలో పెంటియమ్ తరగతికే, టీఎస్‌సీ లేనిదీ ఉన్నదీ అని వేరు వేరు ఎంపికలు పెట్టారు.

5. కాష్ వరస. ప్రాసెసర్ జ్ఞాపకాన్ని ముక్కలుగా తెచ్చుకొంటుంది. 486కు ఆ ముక్క 16 బైట్లు, పెంటియమ్ నుంచి పెంటియమ్ 3 వరకు 32, అథ్లాన్‌కు 64. పెంటియమ్ 4ను ఎంచుకొంటే కెర్నెల్ తన పట్టికలను 128 బైట్ల హద్దుకు సర్దుతుంది. ఇది తప్పితే యంత్రం ఆగదు. కాస్త వేగమో, కాస్త జ్ఞాపకమో వృథా అవుతుంది, అంతే.

6. లోపాలకు మందు. 1997లో పెంటియమ్‌లో ఒక దోషం బయటపడింది. ఏ అధికారమూ లేని మామూలు ప్రోగ్రాము సైతం ఒక చిన్న తప్పుడు ఆదేశంతో యంత్రాన్ని స్తంభింపజేయగలదు. లినక్స్‌లో దానికి విరుగుడు చేర్చారు. 686ను ఎంచుకొంటే ఆ విరుగుడు కెర్నెల్‌లోకి రాదు, ఎందుకంటే ఆ తరానికి ఆ జబ్బు లేదు.

వీటిని కలిపి చూస్తే విషయం స్పష్టమవుతుంది. కుటుంబాన్ని ఎంచుకోవడం వేగాన్ని పెంచే మీట మాత్రమే కాదు. ‘నా యంత్రం కనీసం ఇంతటిది’ అని మనం కెర్నెల్‌కు ఇచ్చే మాట. ఆ మాటను నమ్మి అది తన జాగ్రత్తలను వదులుకొంటుంది. మాట తక్కువగా ఇస్తే కొంత నిదానం. ఎక్కువగా ఇస్తే అసలు కదలదు. 2.4 వరసలోని సహాయ పాఠం, ఏది ఎంచుకోవాలో తెలియకపోతే 386ను ఎంచుకోమని చెప్పింది ఇందుకే.

పేరును బట్టి పోరాదు

కొత్తదంతా పాతదానికి పైమెట్టే అన్న సూత్రానికి అపవాదాలున్నాయి. వియా సంస్థ సీ3 ప్రాసెసర్లలో తొలిరకాలు తమను ఆరవ కుటుంబంగా చెప్పుకొంటాయి. కాని సీమూవ్ ఆదేశం వాటికి లేదు. 686 కెర్నెల్ వాటిమీద నడవదు. 4 జీబీకి మించిన జ్ఞాపకాన్ని అందుకొనే ‘పీఏఈ’ సదుపాయం పెంటియమ్ ప్రో నాటికే వచ్చింది. అయినా తరువాత ఎనిమిదేళ్లకు, 2003లో, వచ్చిన తొలి పెంటియమ్ ఎమ్‌లు అది ఉన్నట్టు చెప్పవు. కాబట్టి పెట్టె మీది చీటీని కాక ప్రాసెసర్‌నే అడగాలి.

నడుస్తున్న లినక్స్‌లో ‘ప్రాక్’ డైరెక్టరీలోని ‘సీపీయూఇన్ఫో’ ఫైలును తెరిస్తే తయారీదారు పేరు, కుటుంబ సంఖ్య, మోడల్, చివర ‘ఫ్లాగ్స్’ అనే వరస కనిపిస్తాయి. ఆ వరసలో ‘టీఎస్‌సీ’, ‘సీమూవ్’, ‘పీఏఈ’ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ‘ఎల్ఎమ్’ అని ఉంటే అది 64 బిట్ల ప్రాసెసర్. ఆ యంత్రంలో లినక్స్ ఇంకా నడవకపోతే, అన్నిటికంటే దిగువ కుటుంబానికి కూర్చిన సీడీతో లేపి చూడవచ్చు.

కూర్చే విధానం

మొదట, నడుస్తున్న కెర్నెల్ కాన్ఫిగరేషన్‌నే ఆధారంగా తీసుకోవాలి. చాలా పంపిణీలలో అది ‘బూట్’ డైరెక్టరీలో ఉంటుంది. దానిని మూలపాఠపు డైరెక్టరీలోకి తెచ్చుకొని ‘మేక్ ఓల్డ్‌కాన్ఫిగ్’ అంటే కొత్తగా చేరిన ప్రశ్నలు మాత్రమే అడుగుతుంది. తరువాత ‘మేక్ మెనూకాన్ఫిగ్’తో పట్టికలను తెరిచి, ప్రాసెసర్ రకానికి కేటాయించిన పట్టికలో కుటుంబాన్ని ఎంచుకోవాలి.

డిస్కును యంత్రాల మధ్య మార్చేవారు ప్రాసెసర్‌తోనే ఆగిపోకూడదు. డిస్కు కంట్రోలర్ డ్రైవరు, ఫైల్ వ్యవస్థ కెర్నెల్‌లోనే ఉండాలి, లేదా ఆరంభంలో ఎక్కే చిన్న డిస్కు ప్రతిరూపంలో ఉండాలి. ‘మేక్ లోకల్‌మాడ్‌కాన్ఫిగ్’ అనే సులువు మార్గం ఒకటి ఉంది. అది ఆ క్షణాన ఆ యంత్రంలో వాడుకలో ఉన్న డ్రైవర్లను మాత్రమే ఉంచి తక్కినవాటిని తీసివేస్తుంది. ఒక్క యంత్రానికైతే బాగు, పదిమంది వాడే డిస్కుకు పనికిరాదు.

‘లోకల్ వెర్షన్’ అన్నచోట ఒక గుర్తు పెట్టుకోవడం మంచిది, ఉదాహరణకు 586 అని. లేకపోతే ఒకే సంఖ్య గల రెండు కెర్నెళ్ల మాడ్యూళ్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. 32 బిట్ల లినక్స్‌లో మాడ్యూళ్ల మీద కూడా కుటుంబం పేరు ముద్ర ఉంటుంది. పెంటియమ్ 4కు కూర్చిన డ్రైవరును, సంఖ్య ఒకటే అయినా, 586 కెర్నెల్ లోనికి రానివ్వదు.

పాత యంత్రం మీదే కంపైల్ చేయనక్కరలేదు. అక్కడ చాలా గంటలు పట్టే పనిని కొత్త యంత్రంలో త్వరగా ముగించి ఫలితాన్ని తీసుకుపోవచ్చు. వేరే నిర్మాణానికైతే ఆ నిర్మాణపు కంపైలర్‌ను అమర్చుకోవాలి. ఎలా చేసినా పాత కెర్నెల్‌ను మాత్రం తీసివేయకూడదు. బూట్ జాబితాలో రెండూ ఉంచి, కొత్తది లేవకపోతే పాతదానితో లేపుకొనే దారి ఉంచుకోవాలి.

ఆర్మ్ బోర్డుల సంగతి

ఇంటెల్ వంశపు పీసీలో ఏ పరికరం ఎక్కడ ఉందో కెర్నెల్‌కు చెప్పే ఏర్పాటు యంత్రంలోనే ఉంటుంది. ఆర్మ్ బోర్డుల్లో చాలాకాలం అది లేదు. అందుకని బోర్డుకొక కెర్నెల్ కావలసి వచ్చేది. మూలపాఠంలో ఇలాంటి బోర్డు వివరాలు గుట్టలుగా పేరుకుపోతున్నాయని 2011లో టోర్వాల్డ్స్ గట్టిగానే ఆక్షేపించాడు. ఆ వివరాలను కెర్నెల్ నుంచి తీసి ‘డివైస్ ట్రీ’ అనే విడి పట్టికలో పెట్టే పద్ధతి అప్పుడు ఊపందుకొంది. 2012 డిసెంబరులో వచ్చిన 3.7తో ఒకే ఆర్మ్ కెర్నెల్ పలు సంస్థల చిప్‌ల మీద నడిచే వీలు కలిగింది.

అయినా కుటుంబాల హద్దు పోలేదు. 2012లో వచ్చిన మొదటి రాస్ప్‌బెరీ పై బోర్డులోనిది ఆర్మ్ ఆరవ తరం. డెబియన్ వారి ‘ఆర్మ్‌హెచ్ఎఫ్’ పంపిణీ ఏడవ తరానికి కూర్చినది. అందువలన ఆ బోర్డు కోసం రాస్ప్‌బియన్ పేరుతో పంపిణీ మొత్తాన్నీ మళ్లీ కంపైల్ చేయవలసి వచ్చింది. ఏడవ తరపు పై 2 వచ్చాక చేసిన ఏర్పాటు మనకు ఆదర్శప్రాయం. ఒకే మెమరీ కార్డు మీద రెండు కెర్నెళ్లు ఉంచారు. ఏ బోర్డులో పెడితే ఆ బోర్డు తనకు తగినదాన్ని తీసుకొంటుంది. తక్కిన ప్రోగ్రాములు మాత్రం దిగువ తరానికి కూర్చినవే.

నిర్ణయం యంత్రం లేచే వేళకు

కుటుంబానికొక కెర్నెల్ ఇవ్వడం పంపిణీదారులకు భారమే. 2.4 కాలంలో డెబియన్ 386, 586, 686, కే6, కే7 కోసం విడివిడిగా కెర్నెళ్లు ఇచ్చింది. ఆ తరువాత కెర్నెల్‌లోనే ఒక యుక్తి పెరిగింది. కంపైల్ చేసేటప్పుడు సాధారణమైన ఆదేశాన్నే పెట్టి, దాని పక్కన మేలైన ప్రత్యామ్నాయాన్ని రాసి ఉంచుతారు. యంత్రం లేచేటప్పుడు కెర్నెల్ ప్రాసెసర్‌ను పరీక్షించి, తగినచోట్ల తన ఆదేశాలను తానే మార్చుకొంటుంది. 2018 జనవరిలో మెల్ట్‌డౌన్, స్పెక్టర్ దోషాలు బయటపడినప్పుడు ఇలాంటి ఏర్పాటు ఎంతో ఉపకరించింది. ఏ ప్రాసెసర్‌కు ఏ దోషం ఉందో చూసుకొని, దానికి కావలసిన విరుగుడునే కెర్నెల్ అమలు చేస్తుంది. దీనితో కుటుంబం ఎంపిక వలన కలిగే లాభం తగ్గింది. కనీస హద్దు మాత్రం అలాగే ఉంది.

హద్దు పైకి జరుగుతోంది

ఆ హద్దు కదలకుండా ఉండదు. 386 కోసం ఉంచిన చుట్టుతిరుగుడు పద్ధతులు పనికి అడ్డమవుతున్నాయని 2012 డిసెంబరులో దానికి సంబంధించిన భాగాలను తీసివేశారు. 2013 ఫిబ్రవరిలోని 3.8 నుంచి, లినక్స్ ఏ యంత్రం మీద పుట్టిందో ఆ యంత్రం మీద అది నడవదు. టోర్వాల్డ్స్ తనకు దాని మీద బెంగ లేదన్నాడు. 2018లో వాడుక తగ్గిన ఎనిమిది నిర్మాణాలను ఒకేసారి తొలగించారు. 2017లో వచ్చిన డెబియన్ 9 నుంచి 586 యంత్రాలకు చోటు లేదు. 2025 ఆగస్టులోని డెబియన్ 13లో 32 బిట్ల పీసీకి కెర్నెల్ గాని, స్థాపన సాధనం గాని ఇవ్వలేదు.

దీన్ని అన్యాయమని అనలేం. పరీక్షించడానికి యంత్రమూ, మరమ్మతు చేయడానికి మనిషీ లేని భాగాన్ని ఉంచితే తక్కినవారికి భారం. కాని దాని ఫలితం మాత్రం పాత యంత్రాలు చేతిలో ఉన్నవారి మీద పడుతుంది. వారు ముందుగా తెలిసి మసలుకోవాలి.

ఒక సంఘంలో ఒక పాత పెంటియమ్, ఒక పెంటియమ్ 3, రెండు 64 బిట్ల యంత్రాలు, ఒక పై బోర్డు ఉన్నాయనుకొందాం. అన్నిటికీ ఒకే డిస్కు అన్న ఆలోచన మానుకోవాలి. మొదటి రెండిటికీ 586 హద్దుతో కూర్చిన పాత పంపిణీ చాలు. డెబియన్ పాత విడుదలలు దాని ఆర్కైవులో దొరుకుతాయి. వాటికి భద్రతా సవరణలు రావు కనుక ఆ రెండిటినీ ఇంటర్నెట్‌కు కలపకుండా టైపు పనికి ఉంచుకోవాలి. 64 బిట్ల వాటికి, బోర్డుకు నేటి పంపిణీలు పెట్టాలి.

ఇక మొదట చెప్పిన భయం సంగతి. ప్రాసెసర్‌కు కట్టుబడి ఉండేవి కెర్నెలూ ప్రోగ్రాములూ మాత్రమే. మనం రాసుకొన్నది కాదు. లినక్స్‌లో విరివిగా వాడిన ఎక్స్‌ట్2 ఫైల్ వ్యవస్థ డిస్కు మీద సంఖ్యలను ఏ నిర్మాణంలోనైనా ఒకే వరసలో రాస్తుంది. 586 యంత్రపు డిస్కును విప్పి, తగిన అడాప్టరుతో 64 బిట్ల యంత్రానికో ఆర్మ్ బోర్డుకో తగిలిస్తే ఫైళ్లు చదవవచ్చు. ముందు చదవడానికి మాత్రమే తెరిచి, ప్రతి తీసుకొని, ఆ తరువాతే మరమ్మతు తలపెట్టాలి. యూనికోడ్‌ను యూటీఎఫ్-8 రూపంలో రాసిన తెలుగులో ఒక్కో సంకేతానికి మూడు బైట్లు, ఏ ప్రాసెసర్ మీదైనా అదే క్రమంలో. పాత ఫాంట్ల సొంత సంకేతాలలో టైపు చేసినవి ఉంటే, ఆ ఫాంట్ ఫైళ్లను కూడా వెంట తెచ్చుకోవాలి. లేకపోతే బైట్లు దక్కుతాయి గాని అక్షరాలు దక్కవు.

కాబట్టి తెర నల్లబడితే డిస్కును పారవేయవద్దు, దాని మీద కొత్తగా ఏదీ స్థాపించవద్దు. ముందు ప్రాసెసర్ ఏదో కనుక్కోవాలి, దానికి తగిన కెర్నెల్‌తో లేపాలి. అది కుదరకపోతే డిస్కును మరొక యంత్రానికి తగిలించి చదవాలి. ఈ పని పాత యంత్రం ఇంకా కదులుతూ ఉండగానే చేసుకొంటే మేలు.